చంటిపిల్లతో సిక్కోలు, విజయనగరం: స్ట్రోలర్ ఎక్కడిదాకా వెళ్తుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జాతీయ ఉద్యానవనం లేదు. అయినా రెండేళ్ల లోపు పిల్లకి పక్షినో, తాబేలునో, సముద్రాన్నో చూపించడానికి చోట్లకి కొదవ లేదు. చిక్కల్లా దారితోనే. ఫోటోలు చూసి బయల్దేరినవాళ్లు చాలామంది చివరి వంద గజాల్లో పిల్లని చంకనేసుకుని, స్ట్రోలర్ని, అంటే పిల్లల తోపుడు బండిని, ఇంకో చేత్తో మోస్తారు.

వెళ్లబోయే చోటు ఎంత దూరమని అడిగితే ఎవరైనా ‘ఇక్కడే, దగ్గరే’ అంటారు. దాంతో పని జరగదు. మెట్లున్నాయా? ఆటో ఎక్కడిదాకా వస్తుంది? దిగాక సిమెంటా, మట్టా, ఇసకా? ఈ మూడూ అడిగాకే స్ట్రోలర్ తీసుకెళ్లాలో వద్దో తేలుతుంది.

గొడుగులా ముడుచుకునే తేలికపాటి స్ట్రోలర్ల చక్రాలు 5, 6 అంగుళాలే ఉంటాయి. తారు రోడ్డు, సిమెంటు బాట, చదునైన రాతి పరుపు వరకే వాటి సత్తా. కంకరలో ముందు చక్రం అడ్డం తిరిగి బిగుసుకుంటుంది. తోసేవాళ్లు ఆపకుండా తోస్తే బండి ముందుకి పల్టీ కొడుతుంది. ముందు చక్రాలకి లాక్ ఉంటే వేసేయండి. లేకపోతే బండిని వెనక్కి తిప్పి, వెనక చక్రాల మీదే లాక్కెళ్లండి. 12 అంగుళాల గాలి టైర్ల మూడు చక్రాల బండి మట్టిదారిలో హాయిగా పోతుంది గానీ ఆటోలో దానికి చోటు దొరకడం కష్టం. ఇక్కడి ప్రయాణాలకి మా ఓటు చిన్న బండికే, తోడుగా పిల్లని ఒంటికి కట్టుకునే, నడుం బెల్టున్న కేరియర్‌కి. మెట్లొచ్చిన చోట బండి కింద, పిల్ల ఒంటి మీద. తల నిలపని బిడ్డని వీపున కట్టకూడదు. ఆ వయసుకి పూర్తిగా వెనక్కి వాలే సీటున్న బండే కావాలి. ఇంకోటి, హేండిల్‌కి సంచులు వేలాడదీయకండి. పిల్లని ఎత్తిన మరుక్షణం బండి వెనక్కి పడుతుంది.

ఒక్క రోజే ఉంటే టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్లండి. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. అడవిలో నడిచే పని లేదు. చంటిపిల్లకి బైనాక్యులర్ అక్కర్లేనంత పెద్ద పక్షులవి. రెక్కలు చాచి దిగుతుంటే పిల్ల దానంతట అదే తలెత్తి చూస్తుంది. పొద్దున్న తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక వెళ్తే ఎండ బాధ ఉండదు. చెట్ల కింద రెట్టలు పడతాయి కాబట్టి బండి పైకప్పు వేసే ఉంచండి. రాలిన ఈకనీ, చచ్చిన పక్షినీ పిల్ల చేతికి అందనివ్వకండి. వాచ్ టవర్ మెట్లు బండికి కుదరవు, పెద్దవాళ్లు వంతులేసుకుని ఎక్కాలి. గూళ్లలో పిల్లలున్న రోజుల్లో అరుపులకి తల్లిపక్షి లేచిపోతుంది. గుంటడు ఏడుపు మొదలెడితే దూరంగా తీసుకెళ్లడమే మర్యాద. తమ ఊరి పక్షుల్ని ఆ ఊరివాళ్లు అంత ప్రేమగా చూసుకుంటారు.

శ్రీకాకుళం నుంచి 15 కిలోమీటర్ల దాకా ఉంటుంది శ్రీకూర్మం. గుళ్లోకి బండి తీసుకెళ్లకూడదు, బయటే పెట్టాలి. లోపల ప్రదక్షిణ మండపం నీడగా ఉంటుంది, కొత్తగా నడక నేర్చిన పిల్లకి బాగా నప్పుతుంది. గుడి ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ల దగ్గర ఏ పిల్లయినా ఆగిపోతుంది. ఎండెక్కాక ఆరుబయటి రాతిమీద లేత పాదాలు కాలతాయి, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. అరసవల్లికి మాత్రం ఆదివారం వద్దు. రథసప్తమి నాడైతే అసలే వద్దు, ఆ క్యూలో చంటిపిల్ల తట్టుకోలేదు.

శాలిహుండం బౌద్ధ శిథిలాలు వంశధార ఒడ్డున కొండ మీద ఉన్నాయి. 1919లో గిడుగు రామమూర్తి పంతులు వెలుగులోకి తెచ్చిన చోటు. ఎక్కాలి కాబట్టి కేరియరే గతి. పైనుంచి నది కనిపిస్తుంది, శ్రమకి తగ్గ ఫలితం. అక్కడికి దగ్గర్లోనే కళింగపట్నం బీచ్. పొడి ఇసకలో ఏ బండీ కదలదు. పాటు వేళ అలలు వెనక్కి తగ్గాక తడి ఇసక గట్టిపడుతుంది, దాని మీద కొంత దూరం తోయొచ్చు. వంశధార కలిసే చోట నీళ్లలోకి దింపకండి, లాగుడు ఎక్కువ. బసకి తిరిగొచ్చాక చక్రాల్ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఉప్పు ఇసక ఇరుసులో ఉండిపోతే తుప్పు పట్టి చక్రం కిర్రుమంటుంది. నూనె పోస్తే ఇసక ఇంకా అంటుకుంటుంది.

విజయనగరం వైపు రామతీర్థంలో కింది గుడి వరకు బాగానే ఉంటుంది, గురుభక్తకొండ ఎక్కడం చంటిపిల్లలతో వద్దు. తాటిపూడి జలాశయం దగ్గర బ్రేకు వేయకుండా హేండిల్ వదలొద్దు. గంటలకొద్దీ బండి తోయాలనుంటే పక్క జిల్లాకి, విశాఖ జూకి వెళ్లడమే మేలు. 1977లో తెరిచారు, 625 ఎకరాలు, లోపల రోడ్లున్నాయి. సోమవారం సెలవు. బొర్రా గుహల్లో అంతా మెట్లే.

బస శ్రీకాకుళం టౌన్లోనో, విజయనగరంలోనో చూసుకోండి. గది ఖాయం చేసేముందు లిఫ్ట్ ఉందా అని అడిగి ఊరుకోకండి. చాలాచోట్ల నాలుగైదు మెట్లెక్కాకే లిఫ్ట్ తలుపు వస్తుంది. కరెంటు పోతే జనరేటర్ మీద లిఫ్ట్ నడుస్తుందా, కిటికీలకి దోమతెర ఉందా, బాల్కనీ కమ్మీల మధ్య పిల్ల తల పట్టేంత సందుందా, ఇవీ అడగాలి. రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉందని మర్చిపోకండి, టౌన్ అక్కడికి 13 కిలోమీటర్లు. అద్దె కార్లలో పిల్లల సీటు సాధారణంగా ఉండదు. సొంతది ఉంటే తెచ్చుకోండి.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ ఈ తీరాన్నే దెబ్బతీసింది. డిసెంబరు, జనవరి మేలు. ఆ నెలల్లో కూడా మధ్యాహ్నం ఎండకి అడ్డంగా బండి మీద దుప్పటి కప్పకండి. గాలి ఆడక లోపల బయటికంటే ఎక్కువ వేడెక్కుతుంది. నీడ కావాలంటే వెడల్పాటి గొడుగు బిగించండి, అయిదు నిమిషాలకోసారి పిల్ల మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి.