6.5 క్రీడ్‌మోర్: బ్యారెల్ అరిగేదాకా కాల్చాక నా మాట

దూరం కొట్టడం నేర్చుకుందామనుకున్నవాళ్లు ముందు అడిగేది ఏ క్యాలిబర్ (తూటా కొలత, రకం) ఎంత దూరం పోతుందని. 6.5 క్రీడ్‌మోర్ అనే రైఫిల్ తూటాతోనే ఇన్నేళ్లూ కాల్చిన నేను మాత్రం ఇంకోటి చూసుకోమంటాను. ట్రిగ్గర్ నొక్కాక తూటా ఎక్కడ తగిలిందో మీ స్కోప్‌లో (రైఫిల్ మీది దుర్భిణిలో) మీకే కనబడుతుందా?

వెయ్యి గజాలు చేరడానికి ఈ తూటాకు ఒకటిన్నర సెకను పైచిలుకు పడుతుంది. ఈలోపు రైఫిల్ తన్ను (కాల్చగానే భుజాన్ని వెనక్కి నెట్టే దెబ్బ) సద్దుమణిగి స్కోప్ మళ్లీ టార్గెట్ మీదకొస్తే, గురి తప్పినా మట్టి ఎటు లేచిందో చూసి వెంటనే సరిచేసుకోవచ్చు. లేకపోతే పక్కనెవరో చెప్పాలి. ఒకే బరువున్న రైఫిల్లో మరో క్యాలిబర్ .308తో పోలిస్తే 6.5 తన్ను దాదాపు మూడో వంతు తక్కువ. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అయితే, మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించడానికి బ్యారెల్ కొసకు బిగించేది) లేకుండా కాలిస్తే కాసేపటికే కొత్తవాడు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసేస్తాడు. ఆ బెదురు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం మహా కష్టం.

ఇక గాలి సంగతి. తూటా ఎంత కిందికి జారుతుందో దూరం కొలిచి లెక్కగట్టొచ్చు, గాలిని మాత్రం ఊహించాల్సిందే. గంటకు 10 మైళ్ల అడ్డగాలిలో వెయ్యి గజాల దగ్గర 140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) 6.5 మ్యాచ్ తూటా (పోటీల కోసం కచ్చితంగా చేసేది) సుమారు ఆరడుగులు పక్కకు పోతుంది, 175 గ్రెయిన్ల .308 సుమారు ఎనిమిది. పైగా .308 ఆ దూరానికి ధ్వని వేగానికి దిగొచ్చి తడబడుతుంది. తప్పేమీ లేదు, అది 1952 నాటి క్యాలిబర్. 6.5ను హార్నడీ 2007లో టార్గెట్ పోటీల కోసమే తయారుచేసింది. సన్నటి పొడుగాటి తూటా మ్యాగజైన్‌లో పట్టేలా కేసునే (మందు నింపే ఇత్తడి గొట్టాన్ని) పొట్టిగా చేశారు.

నాది బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించేది), 24 అంగుళాల బరువైన బ్యారెల్, ట్విస్ట్ (తూటాను తిప్పే లోపలి గాడుల మెలిక) 8 అంగుళాలకు ఒక చుట్టు. యాక్షన్, ట్రిగ్గర్ గురించి ఫిర్యాదు లేదు. దాంతో వచ్చిన ప్లాస్టిక్ స్టాక్ (బ్యారెల్‌ను మోసే, భుజానికి ఆనించే భాగం) మాత్రం శుద్ధ దండగ. బైపాడ్ (ముందుండే రెండు కాళ్ల స్టాండు) మీద కాస్త బరువు మోపితే ముందుభాగం వంగి బ్యారెల్‌కు తగిలేది, గురి ఒక్కోసారి ఒక్కోచోటికి జరిగేది. చెంప ఆనించే ఎత్తు మార్చుకోగల గట్టి స్టాక్ వేయించాకే రైఫిల్ అసలు సత్తా తెలిసింది.

స్కోప్ దగ్గర పిసినారితనం వద్దు. రెటికిల్ (లోపల కనబడే గురి గీతలు), టరెట్ (గురి సరిచేసే తిప్పుడు బిరడా) రెండూ మిల్స్‌లోనే (మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు జరిపే కోణం) ఉండాలి. ఒకటి మిల్స్, ఇంకోటి ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కొలత) అయితే ప్రతి దెబ్బకీ బుర్రలో గుణకారమే. టరెట్‌లో ఒక్కో క్లిక్ 0.1 మిల్ ఉంటే వంద మీటర్ల దగ్గర సెంటీమీటరు. పైకి పది మిల్స్ తిప్పి వెనక్కి తెచ్చినప్పుడు అదే చోట తగలాలి. 25 రెట్ల జూమ్ ఉంది కదా అని మురిసిపోకండి. ఎండవేళ నేల మీంచి లేచే వేడికి అందులో అంతా అల్లాడిపోతుంది, నేను ఎక్కువగా 12, 15 మధ్యే వాడతాను.

లోటు బ్యారెల్ ఆయుష్షే. మామూలుగా రెండు నుంచి మూడు వేల తూటాలు, .308 అయితే అయిదు వేలు దాటినా నిలుస్తుంది. నాది పోతున్నప్పుడు వంద మీటర్ల గ్రూపు (దెబ్బలు పడ్డ గుంపు) చక్కగానే ఉంది. దూరాన పెట్టిన టార్గెట్ ప్లేటు మీదే దెబ్బలు నిలువుగా చెదరడం మొదలైంది. క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచేది) పెడితే వేగం పడిపోయి, ఒక్కో తూటాకు ఒక్కోలా ఉందని తేలింది. నాసిరకం తూటాలతోనూ ఇంతే, సెకనుకు 50 అడుగుల వేగం తేడా ఉంటే వెయ్యి గజాల్లో సుమారు అడుగు తేడా. కొత్త బ్యారెల్ కూడా 6.5లోనే వేయించాను. 6 ఎంఎం క్రీడ్‌మోర్ మీదకు మనసు పోయింది గానీ, దాని బ్యారెల్ ఇంకా తొందరగా అరుగుతుంది.

మీకు మంచి మ్యాచ్ తూటాలు .308లోనే తేలిగ్గా దొరుకుతుంటే అదే తీసుకోండి, తూటాల్లేని 6.5 ఎందుకు? రేంజ్ మూడొందల మీటర్లు దాటకపోతే 77 గ్రెయిన్ల తూటాను నిలబెట్టే ట్విస్ట్ ఉన్న .223 చాలు. గాలి చదవడమే నేర్చుకోవాలంటే చిన్న .22 ఎల్‌ఆర్ తూటాతో రెండొందల మీటర్ల దగ్గర కూర్చోండి. చిరుగాలికే తూటా పక్కకు పోతుంది, భుజానికి నొప్పి తెలియదు, రోజంతా కాల్చొచ్చు.