స్కైరిమ్: లెవెల్ పెరిగితే బలం పెరిగినట్టు కాదు

స్కైరిమ్ 2011లో వచ్చిన వీడియో గేమ్. మొదట పాత పీసీ వెర్షన్, తర్వాత 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్, మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెట్టి, ఇలా ఏళ్ల తరబడి ఆడుతూనే ఉన్నాను. కథ, కొండలు, మంచు, సంగీతం గురించి చెప్పాల్సినవాళ్లు అందరూ చెప్పేశారు కాబట్టి వాటి జోలికి పోను. స్కిల్స్ (నైపుణ్యాలు), పెర్క్స్ (ఆ స్కిల్స్‌లో పాయింట్లు పెట్టి తీసుకునే అదనపు బలాలు), లెవెలింగ్ గురించే రాస్తా, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్లు బోల్తా పడేది అక్కడే.

చాలా ఆర్పీజీల్లో (పాత్రని పెంచుకుంటూ ఆడే ఆటల్లో) ఎవడినో చంపితే ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు వస్తాయి, దాంతో లెవెల్ పెరుగుతుంది. ఇక్కడ చంపినందుకు విడిగా ఏమీ రాదు. మొత్తం 18 స్కిల్స్ ఉంటాయి, ఏది వాడితే అది పెరుగుతుంది. కత్తి తిప్పితే వన్-హ్యాండెడ్, కవచం వేసుకుని తన్నులు తింటే హెవీ ఆర్మర్, అంగట్లో సామాన్లు అమ్ముకుంటే స్పీచ్. ఆ స్కిల్ ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా మీ అసలు లెవెల్ కాస్త ముందుకు జరుగుతుంది, పైగా పై మెట్ల విలువ ఎక్కువ. 90 నుంచి 91కి వెళ్తే వచ్చేది 15 నుంచి 16కి వెళ్తే వచ్చేదానికి దాదాపు ఐదారు రెట్లు. లెవెల్ పెరిగిన ప్రతిసారీ హెల్త్ (ప్రాణం), మ్యాజికా (మంత్రశక్తి), స్టామినా (దమ్ము), ఈ మూడింట్లో ఒకదానికి 10 పాయింట్లు, దాంతోపాటు ఒక పెర్క్ పాయింట్. అంతే.

వినడానికి ఎంత బాగుందో, ఇందులో మెలిక కూడా అంతే ఉంది. ఆటకి మీ లెవెల్ అంకె మాత్రమే కనపడుతుంది, దాన్ని బట్టే శత్రువులూ బలపడతారు, ఆ అంకె దేనివల్ల పెరిగిందో దానికి అనవసరం. మా తమ్ముడి సేవ్ ఫైల్ దీనికి సరైన ఉదాహరణ. వాడు అడుగుల చప్పుడు తగ్గించే మఫుల్ అనే మంత్రాన్ని నడుస్తూ నడుస్తూ వేసుకుంటూ పోయి ఇల్యూజన్ స్కిల్‌ని 100కి చేర్చాడు, కనపడ్డ ప్రతి తాళం తీశాడు, కనపడ్డ ప్రతి జేబూ కొట్టాడు. లెవెల్ 30 దాటింది, చేతిలో కత్తి స్కిల్ మాత్రం ఇరవైల్లోనే ఉంది. అప్పుడు హాయిగా ఒక పాత సమాధిలోకి దిగాడు. లెవెల్ 30 దాటినవాళ్లకి అక్కడ డ్రాగర్ డెత్‌లార్డ్‌లు అనే బలమైన నడిచే శవాలు శవపేటికలు పగలగొట్టుకుని లేస్తాయి. ఈ ఆటలో అరుపు కూడా మంత్రంలాంటి ఆయుధమే. మొదటి అరుపుకే వీడి కత్తి ఎగిరి ఎక్కడో గది మూలన పడింది, దాన్ని వెతుక్కునేలోపు రెండో అరుపుకి వీడే ఎగిరిపడ్డాడు. "అన్నా, గేమ్ బగ్ అయింది, నేను కొడితే దాని హెల్త్ బార్ కదలట్లేదు" అని పిలిచాడు. బగ్ లేదురా, నువ్వు దొంగతనంలో డాక్టరేట్ చేసి యుద్ధానికొచ్చావు అన్నాను. డిఫికల్టీ తగ్గించుకుని బయటపడ్డాడనుకోండి, అది వేరే సంగతి.

అందుకని మొదటి పాతిక లెవెల్స్ వరకు నా పద్ధతి ఒకటే: దాడికి ఒక స్కిల్, రక్షణకి ఒకటి, చేతిపనికి ఒకటి. పెర్క్స్ ఈ మూడింటికే. పెళ్లి భోజనంలో అన్నీ తలా కాస్త వడ్డించుకున్నట్టు ఇక్కడ ఒకటి అక్కడ ఒకటి పెడితే ఏదీ పనికిరాదు. వన్-హ్యాండెడ్‌లో మొదటి పెర్క్ ఆర్మ్స్‌మ్యాన్ చూడండి, ఒక్కో ర్యాంక్‌కి 20 శాతం చొప్పున ఐదు ర్యాంకులు, మొత్తం పెడితే దెబ్బ రెట్టింపు. కాగితం మీద ఇంతకన్నా బోరింగ్ పెర్క్ ఉండదు, ఆటలో ఇంతకన్నా అక్కరకొచ్చేదీ ఉండదు. అదే లాక్‌పికింగ్ (తాళాలు తీసే స్కిల్) చెట్టులో, అంటే దాని పెర్క్స్ పట్టికలో, ఒక్క పాయింట్ కూడా పెట్టొద్దు. తాళం తిరిగేది మీ చేతి ఒడుపు మీద, మాస్టర్ తాళం కూడా ఏ పెర్కూ లేకుండా తీయొచ్చు, కాకపోతే నాలుగు పిక్స్ (తాళం తీసే పుల్లలు) ఎక్కువ విరుగుతాయి. పిక్స్ ఏమన్నా కరువా, ప్రతి బందిపోటు జేబులోనూ ఉంటాయి.

హెల్త్, మ్యాజికా, స్టామినా విషయంలో జనం తెగ ఆలోచిస్తారు. కత్తి పట్టేవాడికి హెల్త్ రెండుసార్లు పెడితే స్టామినా ఒకసారి, సరిపోతుంది. స్టామినాకి పెట్టిన ప్రతిసారీ మోయగలిగే బరువు 5 పెరుగుతుంది, దొరికిందల్లా మూటకట్టుకునే అలవాటున్నవాళ్లకి అదో ఊరట.

చాలామంది వాడుకోని సంగతి ఒకటుంది. లెవెల్ పెరిగిందని తెరమీద వచ్చినా అప్పుడే తీసుకోవాలని లేదు, స్కిల్స్ మెనూ తెరిచి హెల్త్‌కో మ్యాజికాకో పాయింట్లు పెట్టిన క్షణంలోనే అది అమలవుతుంది, ఆ క్షణంలో మూడు బార్లూ పూర్తిగా నిండిపోతాయి. అంటే అట్టిపెట్టుకున్న లెవెల్ ఒక ఉచిత మందుసీసా. డ్రాగన్ మంటలో చావడానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్నప్పుడు మెనూ తెరిచి, తీరిగ్గా పెర్క్ ఎంచుకుని, నిండు హెల్త్‌తో బయటికి రావడం మోసమంటారా? నా దృష్టిలో కాదు. ఆటే ఇచ్చింది కదా.

చేతిపనుల్లో స్మితింగ్‌ని (కమ్మరిపని) ఒకప్పుడు ఇనుప బాకులు వందలకొద్దీ చేస్తూ పెంచేవాళ్లు. తర్వాత ఒక ప్యాచ్‌లో (ఆటకి ఇచ్చిన సవరణలో), చేసిన వస్తువు విలువని బట్టి పెరిగేలా మార్చారు, కాబట్టి ఇంకా బాకులే చేయమనే పాత సలహాలు పట్టించుకోకండి. వైట్‌రన్ నగరానికి ఉత్తరాన హాల్టెడ్ స్ట్రీమ్ క్యాంప్ అనే బందిపోట్ల స్థావరంలో ట్రాన్స్‌మ్యూట్ మంత్రం పుస్తకం దొరుకుతుంది. ఇనుప ఖనిజం వెండి అవుతుంది, వెండి బంగారం అవుతుంది, ఉంగరాలు చేసుకుంటూ పోవడమే, ఆల్టరేషన్ అనే మంత్రాల స్కిల్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. రివర్‌వుడ్ ఊళ్లో ఫేండల్ అనే అతని దగ్గర విలువిద్య నేర్చుకోవడం ఇంకా చవక. డబ్బిచ్చి నేర్చుకోండి, అతన్నే తోడు తీసుకెళ్లండి, అతని సంచీలోంచి మీ డబ్బు మీరు తీసేసుకోండి. ఒక లెవెల్‌కి ఐదుసార్లే శిక్షణ అనే పరిమితి ఉంది, లేకపోతే పాపం అతని బతుకు ఏమయ్యేదో.

మంత్రగాడిగా ఆడేవాళ్లకి మాత్రం ఈ పద్ధతి అన్యాయం చేసింది, ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. కత్తిని పదును పెట్టుకోవచ్చు, మంత్రాన్ని పెట్టుకోలేం. డిస్ట్రక్షన్ (దాడి మంత్రాల) స్కిల్ పెరిగితే మ్యాజికా ఖర్చు తగ్గుతుందే గానీ దెబ్బ పెరగదు, పెర్క్స్‌తో పెరిగేది కూడా 50 శాతమే. 40ల లెవెల్స్‌కి వచ్చేసరికి శత్రువుల హెల్త్ ఎక్కడికో పోతుంది, మన నిప్పు అక్కడే ఉంటుంది. దీనికి రెండు మందులు: ఇంపాక్ట్ పెర్క్, దాంతో రెండు చేతులతో కలిపి కొట్టినప్పుడు ఎదుటివాడు తూలిపోతాడు. రెండోది ఎన్‌చాంటింగ్ (వస్తువులకి మంత్రశక్తి ఎక్కించే స్కిల్) 100 దాకా తీసుకెళ్లి నాలుగు వస్తువుల మీద 25 శాతం చొప్పున ఖర్చు తగ్గించుకోవడం, అప్పుడు ఆ మంత్రాలు ఉచితం. ఉచితంగా తూలగొడుతూ పోతే ఏ రాక్షసుడైనా పడాల్సిందే, అయితే అందులో మజా ఎంత అంటే, కాస్త తక్కువే.

ఇక ఎలా మొదలుపెట్టినా చివరికి అందరూ చాటుగా నక్కి బాణాలేసేవాళ్లుగా మారిపోతారన్న జోక్ నూటికి నూరుపాళ్లు నిజం. స్నీక్‌లో డెడ్లీ ఎయిమ్ పెర్క్ తీసుకుంటే చాటునుంచి వేసిన బాణం మూడు రెట్లు తగులుతుంది, ఎదుటివాడు "గాలికేమో" అనుకుని మళ్లీ కూర్చుంటాడు, ఇంకెవడు ఎదురెళ్లి కొట్లాడతాడు? నిజానికి బాకు ఇంకా ఘోరం, అసాసిన్స్ బ్లేడ్ పెర్క్‌తో 15 రెట్లు, కాకపోతే వాడి దగ్గరిదాకా పాక్కుంటూ వెళ్లే ఓపిక కావాలి.

పెర్క్స్ తప్పుగా పెట్టేశామని సేవ్ తీసేయనక్కర్లేదు. 2013లో 1.9 ప్యాచ్‌తో లెజెండరీ అనే సదుపాయం వచ్చింది, 100కి చేరిన స్కిల్‌ని మళ్లీ 15కి దించితే అందులోని పెర్క్స్ అన్నీ తిరిగొస్తాయి, లెవెల్‌కి పైహద్దు కూడా దాంతోనే పోయింది. స్కిల్ దించుకోవడం ఇష్టం లేకపోతే డ్రాగన్‌బార్న్ డీఎల్‌సీ (ఆటకి వచ్చిన అదనపు భాగం) కథ పూర్తిచేయండి, వేకింగ్ డ్రీమ్స్ అనే బ్లాక్ బుక్‌లో (మాయా పుస్తకంలో) ఒక డ్రాగన్ ఆత్మ, అంటే డ్రాగన్‌ని చంపితే మీకు దక్కేది, ఇస్తే ఒక చెట్టు పెర్క్స్ మొత్తం వెనక్కి ఇస్తుంది. ఆత్మలు ఎలాగూ పనిలేక పోగుపడి ఉంటాయి. మా తమ్ముడు ఇప్పుడు ఆ లెక్కలోనే ఉన్నాడు, లాక్‌పికింగ్ చెట్టులో పెట్టినవన్నీ పీకి వన్-హ్యాండెడ్‌లో పెడతాడట. ముందు ఆ కథ పూర్తిచేయాలి కదా, దానికి కత్తి తిప్పడం రావాలి మరి.