పాత కారు రేకు అతకడానికి ఇంట్లో ఏ వెల్డింగ్ మెషీన్? పాతిక వేల లోపు మిగ్‌లపై సమీక్ష

కారు డోరు రేకు మందం 0.7 నుంచి 0.8 మి.మీ. దుకాణాల భాషలో 22 గేజ్. తుప్పు తిన్నచోట అందులో సగం కూడా మిగలదు. ఇంట్లో పెట్టుకోవడానికి మెషీన్ వెతికేవాళ్లు మాత్రం పెట్టె మీద పెద్దగా అచ్చేసిన 200, 250 అంకెలు చూసి డబ్బు కట్టేస్తారు. గేటు, గ్రిల్ చేసేవాళ్లకు ఆ అంకె అక్కరకొస్తుంది. కారు బాడీ చేసేవాళ్లు చూడాల్సింది కింది అంకె: మెషీన్ ఎంత తక్కువ కరెంటుకు దిగుతుంది, దిగాక అక్కడ ఎంత నిలకడగా మండుతుంది. 0.8 మి.మీ. రేకుకు కావాల్సింది 30 నుంచి 55 ఆంప్స్. 200 ఆంప్స్ మెషీన్‌లో మిగతా మూడొంతులు ఈ పనిలో ఎన్నడూ వాడరు.

మిగ్ అంటే చేతిలోని టార్చ్‌లోంచి వైరు దానంతట అదే వచ్చి కరిగే వెల్డింగ్. అది కానివాటి సంగతి ముందు తేల్చేద్దాం. ఆరేడు వేలకు దొరికే రాడ్ మెషీన్, అంటే ఆర్క్ ఇన్వర్టర్ (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలిక మెషీన్), బాడీ రేకుకు వద్దు. 12 నంబర్ రాడ్ (2.5 మి.మీ.) సరిగ్గా కరగాలంటే 60 ఆంప్స్ దాటాలి. 14 నంబర్ రాడ్ (2 మి.మీ.) దొరికినా 40కి తగ్గితే అంటుకుపోతుంది, 50కి పెంచితే రేకు జారిపోయి చిల్లు పడుతుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. గ్యాస్ వెల్డింగ్‌తో పాత టింకరింగ్ మేస్త్రీలు అద్భుతంగా అతుకుతారు, నిజమే. కానీ మంట వేడి జానెడు మేర పాకి రేకు అలల్లా లేస్తుంది, దాన్ని సుత్తితో దించే పనితనం వాళ్ల చేతిలో ఉంది. పైగా అసిటిలీన్ సిలిండర్ ఇంట్లో ఉంచుకునే వస్తువు కాదు. ఆర్గాన్ వెల్డింగ్ (టిగ్) అతుకు మెత్తగా ఉండి సుత్తికి లొంగుతుంది, అందులో దానికి సాటి లేదు. అయితే తుప్పు మరక కాస్త మిగిలినా ఒప్పుకోదు, రెండు చేతులూ కావాలి, కారు కింద పడుకుని చేయడం నరకం. ఇక మిగిలింది మిగ్. మన షెడ్లలో సీఓటూ వెల్డింగ్ అనేది దీన్నే.

గ్యాస్ లేని మిగ్‌లు

అన్నిటికన్నా చవకగా కనిపించేవి ఇవి. లోపల పొడి నింపిన ఫ్లక్స్ వైరుతో నడుస్తాయి, సిలిండర్ బెడద లేదు, ఆరుబయట గాలిలోనూ పని సాగుతుంది. కానీ ఆ వైరు నిలకడగా కరగడానికి కాస్త ఎక్కువ కరెంటు అడుగుతుంది. 1 మి.మీ. కన్నా పలుచని రేకు మీద చిల్లులు, చుట్టూ తుంపర్లు, పైన గీకాల్సిన మడ్డి. ఫ్లోర్ పాన్‌కు (కారు అడుగు రేకు), 1.2 మి.మీ. బ్రాకెట్లకు సరే. డోరు పై రేకుకు, ఫెండర్‌కు వద్దు.

ఈ తరగతిలోనే ఇంకో ఉచ్చు ఉంది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఏసీ అవుట్‌పుట్ ఇచ్చే మెషీన్లు కొన్ని వస్తాయి. కరెంటు మార్చడానికి వాటికి రెండో నాలుగో స్విచ్ మెట్లు మాత్రమే ఉంటాయి. పలుచని రేకుకు ఒక మెట్టు చాలదు, పై మెట్టు ఎక్కువ. వివరాల పట్టీలో డీసీ అని స్పష్టంగా లేకపోతే పక్కన పెట్టేయండి.

గ్యాసూ, ఫ్లక్సూ రెండూ నడిచే 200 ఆంప్స్ ఇన్వర్టర్లు

కొనాల్సింది ఈ వరసలోనే. ఊరిని, దుకాణాన్ని బట్టి సుమారు పన్నెండు వేల నుంచి పాతిక వేల దాకా పలుకుతాయి. మిగ్, ఆర్క్, టిగ్ మూడూ ఒకదానిలోనే అని ప్రకటిస్తారు. ఆ టిగ్ చాలావాటిలో గీరి అంటించే రకం, గుడ్డిలో మెల్ల అనుకోండి. దానికోసం అదనంగా ఒక్క రూపాయీ పెట్టొద్దు. ఆన్‌లైన్లో ఐబెల్, రైలాన్ వంటి పేర్లు కనిపిస్తాయి. ఈసాబ్, అడార్ వంటి పాత కంపెనీలవి ఇంతకన్నా ఖరీదు, విడిభాగాలు దొరికే డీలర్లు ఉండటం వాటి బలం. బ్రాండ్ ఏదైనా పక్క తలుపు తీసి లోపల చూస్తేగాని మెషీన్ తెలియదు.

తలుపు తీయగానే కనిపించేది వైరు నడిపే భాగం. చవక మిగ్‌లలో ముందు చచ్చేది ఇదే. రోలరును పట్టి ఉంచే చట్రం ప్లాస్టిక్‌దైతే స్ప్రింగ్ బిగించినప్పుడు వంగుతుంది, వైరు జారుతుంది, ఆర్క్ దగ్గుతున్నట్టు పడిపడి లేస్తుంది. లోహపు చట్రం ఉన్నది వెయ్యి రెండు వేలు ఎక్కువైనా తీసుకోండి. రోలరు గాడి మీద 0.6, 0.8 అని చెక్కి ఉండాలి. గట్టి వైరుకు వి గాడి, ఫ్లక్స్ వైరుకు పళ్లున్న గాడి. పళ్ల గాడిలో గట్టి వైరు నడిపితే దాని రాగిపూత రాలి, ఆ పొడి లైనర్‌లో (టార్చ్ కేబుల్ లోపల వైరు నడిచే గొట్టం) పేరుకుని నెలకల్లా టార్చ్ మూసుకుపోతుంది.

తర్వాత టార్చ్. ముందు భాగాన ఇత్తడి యూరో కనెక్టర్ ఉండి, టార్చ్ విప్పి మార్చే వీలుంటే మంచిది. 15ఏకే రకం టార్చ్‌కు టిప్పులు, నాజిళ్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ దొరుకుతాయి. టార్చ్ కేబుల్ మెషీన్‌లోకే కలిసిపోయి ఉంటే, అది పాడైన రోజు మెషీన్ మొత్తం మూలన పడుతుంది. 0.6, 0.8 వైర్లకు నీలం రంగు లైనర్. ఎర్ర లైనర్ ఇస్తే వద్దనండి, అది 1.0 పైబడిన వైర్లకు.

పొలారిటీ, అంటే ప్లస్ మైనస్‌లు, మార్చే తీగ లోపల గానీ ముందు గానీ ఉందో లేదో చూడండి. గ్యాస్‌తో గట్టి వైరు నడిపేటప్పుడు టార్చ్ ప్లస్‌కు, ఫ్లక్స్ వైరుకు టార్చ్ మైనస్‌కు. తుంపర్లు ఎక్కువని మెషీన్‌ను తిట్టుకునే సగం మంది ఈ తీగ తిప్పడం మరిచినవాళ్లే.

వోల్టేజీ, వైరు వేగం రెండూ విడివిడిగా తిప్పే గుబ్బలున్నది ఎంచుకోండి. ఒకటే గుబ్బతో అన్నీ తనే సర్దుకునే సినర్జిక్ మెషీన్ కొత్తవాళ్లకు సుఖమే, కానీ చిన్న సవరణకైనా వీలుండాలి. ఇండక్టెన్స్ గుబ్బ ఉంటే పలుచని రేకు మీద ఆర్క్ మెత్తబడుతుంది.

ఇక స్పూల్. 1 కేజీ చుట్టే పట్టే మెషీన్‌లో వైరు కేజీ లెక్కన బాగా ఖరీదు పడుతుంది. 5 కేజీలు పట్టేది చూసుకోండి. 15 కేజీల చుట్ట ఏడాదికి రెండు డోర్లు చేసే ఇంట్లో వాడకముందే తుప్పెక్కుతుంది. వైరు ఇఆర్70ఎస్-6 రకం. బాడీకి 0.6 శ్రేష్ఠం, కానీ చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. 0.8 ఎక్కడైనా దొరుకుతుంది, దానితోనూ పని జరుగుతుంది.

దుకాణంలో పెట్టాల్సిన పరీక్ష

పాత బీరువా రేకు రెండు ముక్కలు సంచిలో వేసుకుని వెళ్లండి, రంగు గీకి. దుకాణంలో వాళ్లిచ్చే 3 మి.మీ. పట్టీ మీద ఏ మెషీన్ అయినా అందంగానే అతుకుతుంది. మీ ముక్కల మీద వోల్టేజీ అడుగుకు దించి, వైరు నిమిషానికి సుమారు మూడు మీటర్ల వేగంలో పెట్టించండి. మూకుట్లో పకోడీ వేగినట్టు ఆగకుండా చిటపట వినిపిస్తే మంచి మెషీన్. టప్పు టప్పుమని వైరు రేకును పొడుస్తూ చేతిని వెనక్కి తోస్తుంటే, వేగం తగ్గించి మళ్లీ చూడండి. అప్పటికీ మారకపోతే ఆ మెషీన్‌కు కింద నిలకడ లేదన్నమాట. ఎర్త్ కేబుల్ చేత్తో ఎత్తి చూడండి. లావుగా ఉండి మరీ తేలిగ్గా ఉంటే లోపల రాగిపూత పూసిన అల్యూమినియమే.

డ్యూటీ సైకిల్ గురించి ఎక్కువ కంగారు వద్దు. 200 ఆంప్స్ వద్ద 20 శాతం అంటే పది నిమిషాల్లో రెండు నిమిషాలు మాత్రమే వెల్డింగ్ చేయొచ్చని. అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం ఆ లెక్క 40 డిగ్రీల వేడిలో తీయమంటుంది, కొందరు అమ్మకందార్లు అంతకన్నా చల్లటి గదిలో తీసిన అంకె వేస్తారు. మన మే నెల ఎండలో అది ఇంకా పడిపోతుంది. అయితే 50 ఆంప్స్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోయే పనికి మెషీన్ అంత వేడెక్కదు.

ఇంటి కరెంటు సరిపోతుందా

50 ఆంప్స్ దగ్గర ఆర్క్ వోల్టేజీ సుమారు 16.5. అంటే 825 వాట్లు. మెషీన్ నష్టాలు, పవర్ ఫ్యాక్టర్ కలుపుకున్నా గోడ ప్లగ్ నుంచి లాగేది ఆరేడు ఆంప్స్. ఏసీ పెట్టుకునే 16 ఆంప్స్ ప్లగ్ హాయిగా మోస్తుంది. అదే మెషీన్ 200కు పెంచితే 35 ఆంప్స్ దాటుతుంది, ఎంసీబీ పడిపోతుంది. ఎక్స్‌టెన్షన్ తీగ 2.5 చదరపు మి.మీ. రాగిది ఉండాలి, వాడేటప్పుడు చుట్ట పూర్తిగా విప్పాలి. సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే ఊళ్లలో 160 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసిన మెషీన్ చూసుకోండి.

మెషీన్ కాని ఖర్చు

గ్యాస్, రెగ్యులేటర్, ముసుగు, మాగ్నెట్లు, సి క్లాంపులు, గ్రైండర్ ఫ్లాప్ డిస్కులు కలిపితే దాదాపు మరో మెషీన్ ధర. గ్యాస్‌లో ఆర్గాన్ 80, సీఓటూ 20 పాళ్ల మిశ్రమం పలుచని రేకుకు మెత్తని ఆర్క్ ఇస్తుంది. ఒట్టి సీఓటూ చవక, తుంపర్లు ఎక్కువ, వోల్టు ఒకటి పెంచాల్సి వస్తుంది. అయినా ఇంటి పనికి సీఓటూ చాలు. కేజీ సీఓటూ సుమారు 535 లీటర్ల గ్యాస్ అవుతుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున దాదాపు 53 నిమిషాల ఆర్క్. చుక్కల పనిలో అది చాలా రోజులు వస్తుంది. సీఓటూ సిలిండర్‌లో ద్రవం ఉన్నంతసేపూ గేజ్ ముల్లు కదలదు, కాబట్టి ఎంత మిగిలిందో తూచి తెలుసుకోవాల్సిందే. మంటలార్పే సిలిండర్ చవకని తెచ్చుకోకండి. దాని లోపల అడుగుదాకా గొట్టం ఉంటుంది, నిలబెడితే రెగ్యులేటర్‌లోకి ద్రవం ఎగదన్నుతుంది.

ముసుగు దానంతట అదే నల్లబడే రకం, షేడ్ (నలుపు స్థాయి) 9 నుంచి 13 వరకు మార్చుకునేది. ఈ ఆంపియర్లకు 10 చాలు.

చిల్లులెందుకు పడతాయి

మెషీన్ మంచిదైనా రేకు మీద వరసగా గీత లాగితే చిల్లు తప్పదు. అతుకు ముక్కకూ అసలు రేకుకూ మధ్య రేకు మందమంత సందు వదిలి, రెండు వైపులా అంగుళం మేర రంగు, జింక్, తుప్పు మెరిసేదాకా గీకాలి. జింక్ పొగ పీల్చితే రాత్రికి చలిజ్వరం వస్తుంది, గాలి ఆడేచోట చేయండి. పాతిక మి.మీ. దూరానికొక చుక్క, అర సెకను నుంచి ఒక సెకను నొక్కి వదలాలి. ఒక చుక్క ఈ చివర, తర్వాతది ఆ చివర. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే పక్క చుక్క. తొందరపడి కలిపేస్తే రేకు డబ్బా మూతలా టక్కుమని లోపలికి పోతుంది, దాన్ని పుట్టీ కూడా దాచలేదు. సందు పెద్దదైనచోట వెనక మందపాటి రాగి పట్టీ ఆనించండి. రాగికి వెల్డింగ్ అంటదు, వేడిని లాగేస్తుంది. రేకు మీద రేకు పరిచి చేసే ప్లగ్ వెల్డింగ్‌కు పై రేకులో 5 లేదా 6 మి.మీ. బెజ్జం వేసి, కింది రేకు మీద ఆర్క్ మొదలుపెట్టి అంచులకు తిప్పాలి.

అతుకులో స్పాంజిలా రంధ్రాలుంటే గ్యాస్ అందలేదు. ఫ్యాన్ ఆపండి, నాజిల్‌లో పేరుకున్న తుంపర్లు గీకండి. వైరు టిప్పుకే కరిగి అతుక్కుంటుంటే వేగం తక్కువ, లేదా టార్చ్ మరీ దగ్గర. వైరు టిప్పు నుంచి 8–10 మి.మీ. బయటికి ఉండాలి. రోలరు దగ్గర వైరు పిచ్చుకగూడులా చుట్టుకుంటే స్ప్రింగ్ అతిగా బిగించారు, లేదా టిప్ మూసుకుపోయింది. ఆర్క్ ఉండుండి చచ్చిపోతుంటే ముందు ఎర్త్ క్లాంప్ కింద రంగు గీకండి. ఎర్త్‌ను అతుకుతున్న ముక్కకే, వీలైనంత దగ్గరగా పెట్టాలి. బ్యాటరీ మైనస్ తీయడం మరవొద్దు.

సీట్లు, కార్పెట్, ఫ్లోర్ మీద అంటించిన తారు షీట్లు తీశాకే టార్చ్ ముట్టుకోండి. రేకు అవతలి వైపు మీకు కనబడదు, మంట అక్కడే మొదలవుతుంది. పని ఆపాక అరగంట కాపలా ఉండాలి. పెట్రోల్ ట్యాంకు దగ్గర పని ఇంట్లో వద్దు. కొత్త కార్ల బి పిల్లర్లు (ముందు, వెనక డోర్ల మధ్య నిలువు స్తంభాలు), సీటుబెల్టు బిగించే చోట్లు, ముందు రెయిల్స్ (ఇంజిన్ పక్కల పొడవాటి చట్రపు కమ్మీలు) కూడా వద్దు. వాటిలో వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు వాడతారు, ఆర్క్ వేడికి అక్కడే మెత్తబడుతుంది.

విశాఖ, కాకినాడ, బందరు వంటి తీర ప్రాంతాల పాత కార్లకు డోరు అడుగు, రన్నింగ్ బోర్డ్, చక్రం పైకమాను మళ్లీ మళ్లీ పోతాయి. అలాంటి కారు ఉంటే మెషీన్ డబ్బు తిరిగొస్తుంది. ఒక్క ఫెండర్‌లో ఒక్క చిల్లు కోసమైతే ఆటోనగర్ టింకరింగ్ షెడ్డుకు వెళ్లండి. అతుకు లోపలి వైపు తుప్పు మందు, మైనం కొట్టకపోతే, నీళ్లు పోయే కంతలు పుట్టీతో మూసేస్తే, ఎంత మంచి మెషీన్‌తో అతికినా రెండు వానాకాలాల్లో మళ్లీ అక్కడే పోతుంది.

కొన్నాక మెషీన్‌ను గ్రైండర్ పక్కన పెట్టొద్దు. గ్రైండర్ రాల్చే ఇనుప పొడిని ఫ్యాన్ లోపలికి లాగి బోర్డు మీద పరుస్తుంది, షార్ట్ అయి పోయే ఇన్వర్టర్లు చాలావరకు ఇలాగే పోతాయి. టార్చ్, టిప్పులు, లైనర్‌కు సాధారణంగా వారంటీ ఉండదు కాబట్టి 0.8 టిప్పులు పది, నాజిల్ ఒకటి, లైనర్ ఒకటి అదే రోజు తీసుకోండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుని, మరమ్మతు ఏ ఊళ్లో చేస్తారో అడిగి అక్కడే రాయించండి.