మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌గా యమహా పసిఫికా 112వి

ఇంతకుముందు నేను గిటార్, ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె), బ్యాగ్ అన్నీ కలిపి అమ్మే ఒక చవక సెట్ కొన్నాను. ట్యూన్ చేసిన ఐదు నిమిషాలకే శ్రుతి తప్పేది, ఫ్రెట్ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) అంచులు మొనదేలి ఉండి చెయ్యి పైకీ కిందికీ జరిపినప్పుడల్లా వేలి పక్కన గీరుకునేవి. నాకు చేతకావట్లేదేమో అనుకుని దాదాపు మానేశాను, తప్పు గిటార్‌దని తర్వాత తెలిసింది. అందుకే చెబుతున్నా, తక్కువ బడ్జెట్ అయినా డబ్బంతా ముందు గిటార్ మీదే పెట్టండి.

ఈ పసిఫికా చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. ఆల్డర్ చెక్క బాడీ, 22 ఫ్రెట్లు, తీగల కదలికను పట్టి ఆంప్‌కి పంపే పికప్‌లు మూడు: బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దగ్గర హంబకర్, అంటే రెండు కాయిల్స్‌తో నిండుగా పలికేది, మిగతా రెండు సింగిల్ కాయిల్స్, అంటే ఒకే కాయిల్‌తో సన్నగా, స్పష్టంగా పలికేవి. టోన్ నాబ్‌ని పైకి లాగితే హంబకర్ కూడా సింగిల్ కాయిల్‌లా పలుకుతుంది, అంటే రాక్‌కీ మెలోడీకీ ఒకే గిటార్ సరిపోతుంది.

ఒక్క విషయం, ట్రెమొలో ఆర్మ్ (బ్రిడ్జ్‌ని కదిలించి స్వరాన్ని ఊపే కడ్డీ) జోలికి కొన్నాళ్లు పోవద్దు, గట్టిగా వాడితే శ్రుతి కదులుతుంది. కొన్నాక తప్పకుండా షాపులో సెటప్ చేయించండి, అంటే తీగల ఎత్తు లాంటివి సరిచేయించడం. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ సుమారు 2 మి.మీ. ఎత్తులో ఉంటే వేళ్లకు హాయి. తీగలు 9-42 గేజ్‌వి (సన్నపాటి సెట్) వేస్తే బెండ్ చేయడం, అంటే తీగను పక్కకి నెట్టి స్వరం పెంచడం తేలిక. ఆంప్‌కి ఇప్పుడే టెన్షన్ పడక్కర్లేదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చిన్నది చాలు, రాత్రిళ్లు కూడా వాయించుకోవచ్చు.