ప్లాస్టిక్ చెట్టా, కోసిన చెట్టా, కుండీ చెట్టా? క్రిస్మస్ అలంకరణకు ఏది మేలు?

అటక మీది అట్టపెట్టె దించి, దుమ్ము దులిపి, ఏడాదిగా ముడుచుకుని ఉన్న కొమ్మల్ని ఒక్కొక్కటే విప్పుతుంటాం. ప్రతి డిసెంబరులోనూ అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "ఇంకెన్నాళ్లు ఈ ప్లాస్టిక్కు? ఈసారైనా నిజం చెట్టు తెద్దాం." ప్లాస్టిక్ అంటే చెడు, చెట్టంటే మంచి అన్నది ఆ మాటలోని నమ్మకం. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. లెక్క చూశాక కొంచెం ఆగాల్సి వచ్చింది.

కార్బన్ ఉద్గారాలను తగ్గించేందుకు పనిచేసే బ్రిటన్ సంస్థ కార్బన్ ట్రస్ట్ రెండు మీటర్ల ఎత్తు చెట్లకు లెక్క కట్టింది. ప్లాస్టిక్ చెట్టు వల్ల గాలిలో కలిసేది సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కోసిన చెట్టును పండుగయ్యాక చెత్తగుట్టలో పూడ్చేస్తే 16 కిలోలు. అదే చెట్టును కాల్చినా, ముక్కలుగా కొట్టి తోటలో నేల మీద పరిచినా 3.5 కిలోలే. ఒకే చెట్టుకు ఇంత తేడా ఎందుకంటే, గాలి తగలని చెత్తగుట్ట అడుగున కలప కుళ్లితే మీథేన్ పుడుతుంది. వేడిని పట్టి ఉంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు బలమైనది.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెడితే కొనాలా వద్దా అన్నది తేలిపోతుంది. మీ ఊళ్లో పండుగ చెట్లన్నీ చివరికి చెత్తగుట్టకే పోతాయా? అయితే ఏటా ఒక చెట్టు కొనేవారి కన్నా ప్లాస్టిక్ చెట్టు దాచుకున్నవారు మూడో ఏటికే మెరుగు. ముక్కలు చేసి నేలకు తిరిగిచ్చే ఏర్పాటు ఉందా? అప్పుడు ప్లాస్టిక్ చెట్టు పన్నెండో క్రిస్మస్ చూస్తే తప్ప నెగ్గదు. కాబట్టి అటక మీద ఇప్పటికే ఒకటి ఉన్నవారు "పర్యావరణం కోసం" దాన్ని పారేసి కొత్తది తేవడం అన్నిటికన్నా చెడ్డ బేరం. తయారీలో పడాల్సిన భారం ఎప్పుడో పడిపోయింది. వాడకుండా పారేస్తే అదంతా వృథా.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. ఈ చెట్లు ఎక్కువగా పీవీసీతో చేస్తారు. బాగా పాతవాటిలో ఆ ప్లాస్టిక్ చెడకుండా సీసం కలిపేవారు. ముట్టుకుంటే ఆకులు పొడిపొడిగా రాలుతుంటే, ఇంట్లో పాకే పిల్లలుంటే, దాన్ని ఇక దించవద్దు. పీవీసీ ఆకులు ఉక్కు తీగలో మెలిపడి ఉంటాయి కనుక దాన్ని కరిగించి మళ్లీ వాడుకోవడం కూడా కుదరదు. కొత్తగా కొనేవారు ఈ సంగతి కొనేముందే ఆలోచించాలి.

కృత్రిమ చెట్టు ప్లాస్టిక్‌తోనే మొదలైందని అనుకుంటాం. పంతొమ్మిదో శతాబ్దపు జర్మనీలో బాతు ఈకలకు ఆకుపచ్చ రంగు వేసి, తీగలకు చుట్టి చెట్లు చేసేవారు. ఏటా నరికే చెట్లతో అడవి తరిగిపోతోందన్న బెంగ దాని వెనక ఉంది. మన ప్రశ్న పాతదేనన్నమాట.

ఇక కోసిన చెట్టు. రెండు మీటర్లు పెరగడానికి దానికి ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. తోటల్లో పంటలా పెంచి, ఒకటి కోసిన చోట మరొకటి నాటుతారు కనుక అడవి నరికినట్టు కాదు. గదంతా నిండే ఆ వాసన మరే చెట్టుకూ రాదు, దాన్ని కాదనలేను. దగ్గరి తోటలో పెరిగింది దొరికితేనే తీసుకోండి. ఇంటికి తెచ్చాక మొదలు అడుగున రెండు సెంటీమీటర్లు కోసి వెంటనే నీళ్లలో నిలబెట్టాలి. లేకపోతే కోసిన చోట జిగురు గట్టిపడి నీరు పీల్చదు. రోజూ నీళ్లు చూడాలి, ఎందుకంటే ఎండిన చెట్టుకు నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది.

మూడోది కుండీలో బతికున్న చెట్టు. వసారానో, బాల్కనీనో, పెరడో ఉన్నవారికి నా ఓటు దీనికే. అయితే అమ్మేవారిని ఒక మాట అడగాలి: ఇది కుండీలోనే పెరిగిందా, నేలలోంచి తవ్వి కుండీలో పెట్టారా? తవ్వినప్పుడు వేళ్లు చాలామటుకు తెగిపోతాయి. అలాంటిది పండుగ దాటాక బతకడం కష్టం. చలిదేశపు స్ప్రూస్ చెట్టయితే పది పన్నెండు రోజులకు మించి ఇంట్లో ఉంచకూడదు. గది వెచ్చదనానికి వసంతం వచ్చిందనుకుని చిగురిస్తుంది, బయట పెట్టగానే ఆ చిగుళ్లు చలికి మాడిపోతాయి. వెచ్చని ప్రాంతాల వారికి అరౌకేరియా ఉంది, దాన్నే నార్‌ఫోక్ ఐలాండ్ పైన్ అంటారు. దాని సొంత ఊరు పసిఫిక్‌లోని నార్‌ఫోక్ దీవి. ఈ చెట్టు వెలుతురున్న మూలలో ఏడాది పొడుగునా కుండీలోనే ఉంటుంది, అంతస్తులు అంతస్తులుగా చక్కగా కొమ్మలు చాస్తుంది. కొమ్మలు మెత్తన కనుక బరువైన గాజుబంతులు వేలాడదీస్తే వంగిపోతాయి. కాగితం, గడ్డి, పలచని చెక్కతో చేసినవే దానికి తగినవి, నా కంటికి అందంగా కనిపించేవి కూడా అవే.

చిన్న గదిలో ఉండేవారికి చెట్టే అక్కర్లేదు. గాలికి రాలిన ఎండుకొమ్మలు నాలుగైదు పొడుగును బట్టి వరసగా తాడుకు కట్టి గోడకు వేలాడదీస్తే చెట్టు ఆకారం వచ్చేస్తుంది.

దీపాల దగ్గరికొస్తే పోలికలో సందేహమే లేదు. వంద బుల్బుల పాతరకం దండ సుమారు 40 వాట్లు లాగుతుంది, అంతే పొడుగు ఎల్‌ఈడీ దండ 5 వాట్లు. రోజుకు ఐదు గంటల చొప్పున నెలరోజులు వెలిగిస్తే ఒకటి 6 యూనిట్లు, మరొకటి ముప్పావు యూనిట్. ఒక్క దండకు ఇది పెద్ద ఖర్చు కాకపోవచ్చు. పాత బుల్బులు వేడెక్కుతాయి, ఎండుతున్న చెట్టు మీద ఆ వేడి మంచిది కాదు, అందుకే వాటిని మార్చమంటాను. ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో 80 రంగు బుల్బులతో చెట్టును వెలిగించేదాకా కొమ్మల మీద ఉండేవి నిజం కొవ్వొత్తులు. వాటితో పోలిస్తే ఈనాటి దండ ఎంత నిశ్చింతో! కొనేటప్పుడు 2700 కెల్విన్ అని రాసున్నది తీసుకోండి, వెచ్చని పసుపు వెలుగునిస్తుంది. నీలిఛాయ తెలుపు ఎంత మంచి అలంకరణనైనా ఆసుపత్రి గదిలా మార్చేస్తుంది. బ్యాటరీవి వద్దు, పండుగ అయ్యేసరికి గుప్పెడు బ్యాటరీలు చెత్తలో పడతాయి.

బంతులు, తోరణాల్లో నేను పూర్తిగా వదిలేసింది మెరుపుల పొడి. అది సన్నని ప్లాస్టిక్ ముక్కలే. ఊడ్చినా పోదు, నీటితో కలిసి కాలువల్లోకి చేరుతుంది. విడిగా దొరికే ప్లాస్టిక్ మెరుపుల అమ్మకాన్ని ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరు నుంచి ఆపింది. జరీ తోరణాలదీ అదే దారి, రెండేళ్లకు రాలిపోయి బోసి తీగ మిగులుతుంది. జర్మనీలోని లౌషా ఊరివారు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఊది చేసిన గాజుబంతులు మాత్రం తరాలు దాటి ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వేలాడుతున్నాయి. పగులుతాయన్న భయమే వాటిని జాగ్రత్తగా దాచేలా చేస్తుంది. ప్లాస్టిక్ బంతుల పెట్టె కొనే డబ్బుతో ఏటా ఒక్క గాజుబంతి కొనడం నాకు నచ్చిన పద్ధతి. మిగతా కొమ్మలు నింపడానికి నారింజ చక్రాలు ఎండబెట్టండి. ఓవెన్‌లో వంద డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు, మధ్యలో తిప్పుతూ. వెలుగుకు ఎదురుగా కడితే రంగు అద్దాల్లా ఉంటాయి. వార్నిష్ పూయకపోతే పండుగయ్యాక ఎరువులో కలిపేయొచ్చు.

ముందు మొదలు నుంచి కొమ్మ చివరకు దీపాలు చుట్టి, పెద్దవి లోపలి వైపు, చిన్నవి అంచులకు కడితే చెట్టుకు లోతు వస్తుంది. రంగులు రెండు, వాటికి తోడు బంగారమో వెండో ఒక్కటి చాలు. కొనేవి తగ్గుతాయి, చూడడానికీ నిండుగా ఉంటుంది.

నక్షత్రానికి కూడా ఇదే కొలత. ఇప్పటి జర్మనీలోని నీస్కీలో, మొరేవియన్ క్రైస్తవుల బడిలో 1830లలో పిల్లలకు జ్యామితి నేర్పడానికి చేసిన కాగితపు నక్షత్రం తర్వాత హెర్న్‌హుట్ నక్షత్రంగా పేరుపడింది. నాలుగు పలకల కొమ్ములు 17, మూడు పలకలవి 8. ఇంట్లో అందరూ కూర్చుని ఒక్కొక్క కొమ్మూ బిగిస్తారు, పండుగయ్యాక విప్పి పెట్టెలో సర్దుతారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నక్షత్రం ఎంత మెరిసినా ఈ కూర్చునే సాయంత్రాన్ని ఇవ్వదు. పశువుల పాక బొమ్మలూ అంతే. అస్సీసీ ఊరి సెయింట్ ఫ్రాన్సిస్ 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో నిజమైన గడ్డి, ఎద్దు, గాడిదతో బాలయేసు పుట్టుకను కళ్లముందు నిలిపాడు. మట్టివో చెక్కవో అయితే మరియమ్మ చెయ్యి విరిగినా అతికించి మళ్లీ నిలబెట్టుకోవచ్చు.

మా ప్లాస్టిక్ చెట్టు పెట్టె మూత లోపల, సర్దే రోజున ఏడాదికో గీత గీస్తాం. ఇప్పటికి పదకొండు ఉన్నాయి. దీపాల దండను అట్టముక్కకు చుట్టి, గాజుబంతుల్ని గుడ్ల అట్టల్లో పెట్టి మూత వేసేముందు, ఈ జనవరిలో పన్నెండోది గీస్తాం.