కంట్రోలర్ మరమ్మతు గిట్టుబాటేనా? కొన్నేళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

నేను వాడుతున్న వైర్‌లెస్ గేమ్ కంట్రోలర్ కొన్నప్పుడు దాదాపు ఆరు వేల రూపాయలు. వారంటీ ముగిశాక దాని మరమ్మతులకు ఇప్పటివరకు 3,200 రూపాయలు ఖర్చయింది. అంటే సగం ధర దాటిందన్నమాట. ఇంత పెట్టి పాతదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు, ఇంకో మూడు వేలు కలిపితే కొత్తదే వస్తుంది కదా అనేవారు మా ఇంట్లోనే ఉన్నారు. వారికి చెప్పిన సమాధానాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఆ 3,200లో అన్ని రూపాయల ఫలితమూ ఒకేలా లేదు. కొంత సొమ్ము మూడు వారాల్లో ఆవిరైపోయింది, కొంత ఏడాదిన్నర గడిచినా ఇంకా ఫలితమిస్తూనే ఉంది. కంట్రోలర్ ఏ కంపెనీదో ఇక్కడ చెప్పడం లేదు. చెప్పినా పెద్దగా తేడా ఉండదు, ఎందుకంటే మామూలు కంట్రోలర్లలో ఎక్కువగా చెడిపోయే భాగం దాదాపు అన్ని కంపెనీలలోనూ ఒకే తరహాది.

ఆ భాగం బొటనవేలి కింద ఉండే అనలాగ్ స్టిక్. నా కంట్రోలర్‌లో ముందుగా ఎడమ స్టిక్ పాడైంది. వేలు తీసేసినా మెనూలో కర్సర్ తనంతట తాను పైకి ఎక్కుతూ పోయేది. ఫుట్‌బాల్ ఆటలో నా గోల్‌కీపర్ ఎవరూ పిలవకుండానే గోల్ వదిలి ముందుకు నడిచి వచ్చేవాడు. ఆడేవాళ్లందరూ దీన్ని డ్రిఫ్ట్ అంటారు. సెట్టింగ్స్‌లో డెడ్ జోన్ పెంచితే, అంటే స్టిక్ మధ్యస్థానం చుట్టూ కొంతమేర కదలికను ఆట పట్టించుకోకుండా చేస్తే, కొన్నాళ్లు బండి నడుస్తుంది. దీనికి ఖర్చు లేదు కాబట్టి ఎవరైనా మొదట చేయవలసిన పని ఇదే. అయితే అన్ని ఆటల్లోనూ ఆ సదుపాయం ఉండదు, పైగా డ్రిఫ్ట్ పెరిగేకొద్దీ డెడ్ జోన్‌ను కూడా పెంచుకుంటూ పోవాలి. గురిచూసి కాల్చే ఆటల్లో చిన్న చిన్న కదలికలన్నీ ఆ డెడ్ జోన్‌లోనే మునిగిపోతాయి.

ఖర్చు సంగతి అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఒక్కో స్టిక్‌కు రెండు పొటెన్షియోమీటర్లు ఉంటాయి, అడ్డం కదలికకు ఒకటి, నిలువు కదలికకు ఒకటి. ఒక్కోదానిలో కార్బన్ పూత పూసిన సన్నని పట్టీ మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు ఆ నాలుక దగ్గర వోల్టేజీ, పట్టీకి అందే వోల్టేజీలో దాదాపు సగం ఉంటుంది, కంట్రోలర్ దాన్నే నిశ్చల స్థితిగా లెక్కవేసుకుంటుంది. వాడేకొద్దీ పూత అరుగుతుంది, అరిగిన పొడి అక్కడే పేరుకుంటుంది, స్టిక్‌ను మధ్యకు లాగే స్ప్రింగ్ కూడా కొంత వదులవుతుంది. అప్పుడు స్టిక్ నిజంగా మధ్యలోనే ఉన్నా వోల్టేజీ మాత్రం ఒక పక్కకు జరిగినట్లు చెబుతుంది. ఈ అరుగుదల వాడకంతో పాటు వచ్చేదే తప్ప కింద పడేయడం వల్లనో, విసిరికొట్టడం వల్లనో వచ్చేది కాదు. ఎంత జాగ్రత్తగా ఆడేవారికైనా ఇది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

మొదట కంపెనీ గుర్తింపు ఉన్న సర్వీస్ సెంటర్‌కే వెళ్లాను. స్టిక్ ఒక్కటే మార్చే పద్ధతి తమ దగ్గర లేదని, బోర్డు మొత్తం మార్చాలని, దానికి 3,800 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ అవుతుందని చెప్పారు. అంటే 4,484 రూపాయలు. మార్చిన బోర్డుకు ఇచ్చే వారంటీ 90 రోజులు. కొత్త కంట్రోలర్ కొంటే ఏడాది వారంటీ, కొత్త బ్యాటరీ, అరగని బటన్లు వస్తాయి కాబట్టి, తేడా పదిహేను వందలే అయినప్పుడు ఆ ధరకు మరమ్మతు చేయించుకునేవారు ఉంటారని నేను అనుకోను. ఇందులో నాకు నచ్చని విషయం ధర కన్నా ముందు పద్ధతి. వంద రూపాయల భాగం అరిగితే నాలుగు వేల బోర్డు మార్చడమే మరమ్మతు అనిపించుకున్నప్పుడు, ఆ ధర చూసిన మనిషి తనంతట తానే కొత్తది కొనే కౌంటర్ వైపు నడుస్తాడు.

ఆ తరువాత సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల విచారించాను. కంప్యూటర్ల సామానుకు పేరుపడ్డ ఆ ప్రాంతంలో కన్సోళ్లు బాగుచేసేవారు కూడా దొరుకుతారు. అక్కడ ఒకరు 300 రూపాయలకు శుభ్రం చేసి ఇస్తానన్నారు. కంట్రోలర్ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పొటెన్షియోమీటర్ల లోపలి పొడి కడిగి, మళ్లీ బిగించారు. అదే రోజు సాయంత్రం స్టిక్ కొత్తదానిలా పనిచేసింది, మూడు వారాలు గడిచేసరికి గోల్‌కీపర్ మళ్లీ నడక మొదలుపెట్టాడు. దుమ్ము చేరడం వల్ల వచ్చిన డ్రిఫ్ట్‌కు ఈ పద్ధతి సరిపోవచ్చు. పూత అరిగిపోయిన స్టిక్‌కు మాత్రం కడగడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే పోయిన కార్బన్‌ను ఆల్కహాల్ తిరిగి తీసుకురాలేదు. ఏడాదికి పైగా బాగా వాడిన కంట్రోలర్‌ను కడిగించడానికి డబ్బు పెట్టడం దండగ అన్నది నా అభిప్రాయం.

మరో దుకాణంలో చూపిస్తే, స్టిక్‌ను రెండుసార్లు గిరగిరా తిప్పి చూసి, "సార్, లోపల పట్టీ అరిగింది. ఊకె కడిగితే నెల గూడ ఆగదు, అనలాగ్ మార్చాల్సిందే" అన్నాడా కుర్రాడు. కంపెనీ పెట్టిన తరహా స్టిక్‌నే కొత్తది వేయడానికి 650 రూపాయలు అడిగాడు. విడిగా కొంటే ఆ స్టిక్ ధర నూరు, నూటయాభైకి మించదు, మిగిలినదంతా మజూరీయే. అది ఎక్కువేమో అనిపించింది గానీ పని జరుగుతుంటే పక్కనే నిలబడి చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఒక్కో స్టిక్‌కు బోర్డులోకి దిగిన కాళ్లు 14. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్, అంటే కాళ్లను బోర్డుకు అతికే లోహం, 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగడం మొదలవ్వదు. దానిమీద అతను ముందుగా 183 డిగ్రీలకే కరిగే సీసం కలిసిన సోల్డర్ అద్ది రెండూ కలిసిపోయేలా చేశాడు. దానివల్ల తక్కువ వేడికే కాళ్లు వదులవుతాయట. బోర్డులో గ్రౌండ్‌కు కలిసిన కాళ్ల దగ్గర విశాలమైన రాగి పొర వేడినంతా లాగేసుకుంటుంది, అక్కడే ఎక్కువ సేపు పట్టింది. తొందరపడి లాగితే రంధ్రం చుట్టూ ఉండే రాగి వలయం ఊడి వస్తుంది, ఇక ఆ బోర్డు పనైపోయినట్లే. అతను చివరి కాలు కూడా వదులైందని నిర్ధారించుకునే వరకు స్టిక్‌ను తాకనే లేదు. మనం ఆ 650లో అసలు ధర కడుతున్నది ఈ ఓపికకే.

ఆ స్టిక్ సుమారు పది నెలలు నిక్షేపంగా పనిచేసింది, ఆ తరువాత అదే జబ్బు తిరగబెట్టింది, ఈసారి కుడి స్టిక్ కూడా దానికి తోడైంది. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు, అరిగే భాగం స్థానంలో మళ్లీ అరిగే భాగాన్నే పెట్టించాం కదా. అందుకే రెండోసారి హాల్ ఎఫెక్ట్ సెన్సర్ ఉన్న స్టిక్‌లు వేయించాను. వీటిలో పట్టీ, నాలుక ఉండవు. స్టిక్ ఇరుసుకు ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది, అది కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును ఎదురుగా ఉన్న సెన్సర్ చదువుతుంది. రెండూ ఒకదానికొకటి తాకవు కాబట్టి రాపిడితో అరిగే అవకాశం అక్కడ లేదు. భౌతికశాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ ఈ ధర్మాన్ని కనుగొన్నది 1879లో, సెగా కంపెనీ దాన్ని 1998లోనే తన డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్ స్టిక్‌లో వాడింది. పాతికేళ్ల కిందటే చేతికి అందిన పరిష్కారం పెద్ద కన్సోల్ కంపెనీల మామూలు కంట్రోలర్లలోకి ఇంకా రాకపోవడం వినియోగదారుగా నాకు మింగుడుపడని విషయం. 2025 జూన్‌లో విడుదలైన నింటెండో స్విచ్ 2 గేమ్ కన్సోల్ స్టిక్‌లు కూడా హాల్ ఎఫెక్ట్ రకానివి కావని ఆ కంపెనీవారే చెప్పారు.

రెండు స్టిక్‌లకు, మజూరీతో కలిపి 1,800 రూపాయలు తీసుకున్నారు. హాల్ స్టిక్‌లు మామూలువాటి కన్నా ఎన్నో రెట్లు ఖరీదు, పైగా వేసినంత మాత్రాన పని అయిపోదు. ఇవి పంపే వోల్టేజీ పాత స్టిక్‌లు పంపినదానితో అచ్చంగా సరిపోలదు కాబట్టి మధ్యస్థానం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, అంచుల వరకు తోసినా ఆటలో పూర్తి వేగం రాకపోవచ్చు. కంట్రోలర్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి మధ్యస్థానాన్ని, అంచులను మళ్లీ కొలిపించి, ఆ కొలతలను కంట్రోలర్ జ్ఞాపకశక్తిలోనే శాశ్వతంగా రాయించాలి. నా కంట్రోలర్ రకానికి ఈ పనిచేసే ఉచిత సాధనాలు ఉన్నాయి. ఈ మెట్టును ఎగ్గొట్టే దుకాణాలు కూడా ఉన్నాయని తెలిసింది. అలా ఎగ్గొడితే మంచి స్టిక్ వేయించుకుని కూడా చెడ్డ కంట్రోలర్‌తో ఇంటికి వెళ్లినట్లే. డబ్బు ఇచ్చే ముందు తెరమీద చుక్క మధ్యలో నిలబడుతోందో లేదో, స్టిక్‌ను అంచు వెంట తిప్పితే వలయం నిండుగా వస్తోందో లేదో చూపించమని అడగడం అవసరం.

ఏడాదిన్నర దాటిన వాడకంలో ఈ స్టిక్‌ల మీద డ్రిఫ్ట్ జాడ లేదు. డెడ్ జోన్‌ను ఆట అనుమతించినంత కనిష్ఠానికి తగ్గించాను, అయినా చూపు స్థిరంగానే ఉంటోంది. స్ప్రింగ్ మొదట్లో కొంచెం బిగువుగా అనిపించింది, తరువాత వేలికి అలవాటైంది. లోపాలు లేవని కాదు. స్టిక్‌ను మెల్లగా వదిలితే మధ్యకు తిరిగి రావడంలో చాలా స్వల్పమైన తేడా కనిపిస్తుంది. రేసింగ్, ఫుట్‌బాల్ ఆటల్లో అది ఎవరికీ తెలియదు, పోటీల్లో ఆడేవారికి మాత్రం తెలియవచ్చు. అటువంటివారు ఇప్పుడు దొరుకుతున్న టీఎమ్ఆర్ సెన్సర్ స్టిక్‌లను చూడవచ్చు. అవీ అయస్కాంతంతోనే పనిచేస్తాయి, హాల్ రకం కన్నా తక్కువ కరెంటు తీసుకుంటాయి. నేను వాటిని వాడలేదు కాబట్టి అంతకు మించి సిఫారసు చేయను.

ఇక లెక్క చూద్దాం. కడిగించిన 300 మూడు వారాలు వచ్చింది. మామూలు స్టిక్‌కు పెట్టిన 650 పది నెలలు వచ్చింది, అంటే నెలకు 65 రూపాయలు. హాల్ స్టిక్‌లకు పెట్టిన 1,800 ఇప్పటికే పద్దెనిమిది నెలలు దాటింది, నెలకు వంద, ఒక్కో స్టిక్‌కు యాభై అన్నమాట, అది కూడా ఇంకా తగ్గుతూ వస్తోంది. చెడినప్పుడల్లా కొత్త కంట్రోలరే కొని ఉంటే, మొదటిది మన్నిన కాలాన్ని బట్టి నెలకు నాలుగు వందలకు తక్కువ పడేది కాదు.

మిగిలిన 450 రూపాయలు బ్యాటరీకి అయ్యాయి. అది సోల్డర్ అవసరం లేకుండా ప్లగ్ తీసి ప్లగ్ పెట్టే పని, స్క్రూడ్రైవర్ పట్టడం వస్తే ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. బటన్ల కింది రబ్బరు పొరలు, ట్రిగ్గర్ స్ప్రింగులు కూడా అంతే, విడిభాగం ధర స్వల్పం. విప్పేటప్పుడు జాగ్రత్తపడవలసింది రెండు బోర్డులను కలిపే పలచని రిబ్బన్ కేబుల్ దగ్గర మాత్రమే. స్టిక్ మార్చడం ఆ కోవలోది కాదు. మంచి సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ పీల్చే పంపు, ఫ్లక్స్, రాగి జడ అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి గానీ, అవన్నీ కొంటే ఆ మొత్తం ఒకసారి చేయించే మజూరీని మించిపోతుంది. చేయి తిరిగినవారికి, లేదా ఇంట్లో నాలుగైదు కంట్రోలర్లు ఉన్నవారికి తప్ప అది గిట్టదు. పన్నెండు, పదిహేను వందలకు దొరికే నకిలీ కంట్రోలర్ల మీద అసలు మరమ్మతు ఖర్చే పెట్టకూడదు.

సోల్డర్‌తో పని లేకుండా స్టిక్ మార్చుకునే ఏర్పాటు సాధ్యం కాదా అంటే, సాధ్యమే. సోనీ 2023 జనవరిలో విడుదల చేసిన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్ కంట్రోలర్‌లో పై మూత తీసి, చిన్న మీట ఎత్తి, స్టిక్ భాగాన్ని చేత్తో బయటికి లాగవచ్చు. విడుదలైనప్పుడు అమెరికాలో ఆ భాగం ధర 20 డాలర్లు, కంట్రోలర్ ధర మాత్రం మామూలుదానికి దాదాపు మూడింతలు. ఇక కంపెనీలే ఖర్చు భరించిన సందర్భాలు కూడా లేకపోలేదు. స్విచ్ కన్సోల్‌తో వచ్చే జాయ్‌కాన్ కంట్రోలర్ల డ్రిఫ్ట్ మీద అమెరికాలో 2019లో దావా పడ్డాక నింటెండో అక్కడ ఉచితంగా బాగుచేయడం మొదలుపెట్టింది, 2020 జూన్‌లో సంస్థ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా వినియోగదారులకు కలిగిన ఇబ్బందికి క్షమాపణ చెప్పారు. ఐరోపాలో వినియోగదారుల సంఘాల ఫిర్యాదు తరువాత, వారంటీ దాటినా, వాడకం వల్ల అరిగినా సరే ఉచితంగానే బాగుచేస్తామని 2023లో ఆ సంస్థ ఒప్పుకుంది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న, కంపెనీలు తమ వస్తువుల మరమ్మతు, విడిభాగాల వివరాలను వినియోగదారులకు అందుబాటులో ఉంచే రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్‌ను ప్రారంభించింది. మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు దాని పరిధిలో ఉన్నాయి. కంట్రోలర్ స్టిక్ ధరను కూడా కంపెనీలు అలా బహిరంగంగా ప్రకటించే రోజు వస్తే, 4,484 రూపాయల అంచనా చేతికిచ్చిన కౌంటర్ దగ్గర బేరమాడటానికైనా ఒక ఆధారం ఉంటుంది.

అంతవరకు బయట చేయించుకునేవారు దుకాణంలో రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. వేయబోయే స్టిక్ ఏ రకమో బిల్లు మీద రాయించుకోవాలి, ఎందుకంటే హాల్ రకం అని చెప్పి మామూలుది వేసినా బయటి నుంచి చూస్తే తెలియదు. చేసిన పనికి కనీసం మూడు నెలల హామీ అడగాలి. నాకు పనిచేసిపెట్టిన దుకాణం ఆరు నెలలకు రాసిచ్చింది, తీసేసిన పాత స్టిక్‌లను కూడా అడగకుండానే ఒక కవరులో వేసి ఇచ్చింది.