ఆక్స్‌ఫర్డ్‌లో రెండు రోజులు: ఆల్ఫ్రెడ్ నగను చూసి వచ్చాం

లండన్‌లో అమ్మాయి దగ్గర నెల రోజులున్నాం. "నాన్నా, నీకేం చూడాలనుంది?" అని అడిగితే ఆక్స్‌ఫర్డ్ అన్నాను. కాలేజీల కోసం కాదు. మాది ప్రొద్దుటూరు. మా నాన్న కంసాలి పని చేసేవాడు, కుంపటి పక్కనే నా బాల్యం గడిచింది. అక్కడి ఆష్మోలియన్ మ్యూజియంలో పదకొండు వందల ఏళ్ల నాటి బంగారు నగ ఉందని, అందులో గాజు రంగులు ఇంకా నిలిచే ఉన్నాయని చదివినప్పటి నుంచీ చూడాలని కోరిక.

వెళ్లేటప్పుడు పాడింగ్టన్ నుంచి రైలెక్కాం. గంట ప్రయాణం, స్టేషన్ నుంచి మ్యూజియానికి పది నిమిషాల నడక. వచ్చేటప్పుడు కోచ్ బస్సులో వచ్చాం. ఛార్జీ తక్కువే గానీ లండన్ పొలిమేరల్లో ట్రాఫిక్‌లో ఇరుక్కుని చాలా ఆలస్యమైంది. పెద్దవాళ్లు వెంట ఉంటే రైలే మేలు.

బస విషయంలో మొదటి రాత్రి ఇబ్బంది పడ్డాం. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. కింది అంతస్తులోనే గది కావాలని బుకింగ్‌లో రాశాం. తీరా వెళ్తే పైన మూడో అంతస్తులో ఇచ్చారు. ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు. అడిగితే అదొక్కటే ఖాళీ అన్నారు. ఆ గెస్ట్‌హౌస్ పేరు రాయను కానీ, అక్కడి పాత ఇళ్లలో లిఫ్ట్ ఉండడం అరుదు కాబట్టి ముందుగా ఫోన్ చేసి అడగండి. రెండో రాత్రి ఒక కాలేజీ గదికి మారాం. సెలవుల్లో విద్యార్థుల గదులు బయటివాళ్లకు అద్దెకిస్తారు. మంచం చిన్నది, బాత్రూమ్ పక్కవాళ్లతో కలిపి. అయినా కింది గది దొరికింది, కిటికీ తీస్తే పచ్చిక. పొద్దున పెద్ద హాల్లో పొడవాటి బల్లల దగ్గర టిఫిన్. శాకాహారులకు టోస్టు, బీన్స్, పుట్టగొడుగులు ఉంటాయి. నాకు ఇదే నచ్చింది. రాత్రి భోజనానికి కౌలీ రోడ్ వైపు వెళ్తే మన తరహా తిండి దొరుకుతుంది.

ఇక నగ సంగతి. మ్యూజియం ప్రవేశం ఉచితం, పది గంటలకు తెరుస్తారు. రెండో అంతస్తులో ఇంగ్లండ్ గ్యాలరీ, లిఫ్ట్ ఉంది. పొడవు 6 సెంటీమీటర్లు దాటుతుందంతే, ఎంత చిన్నదో! పియర్ పండు ఆకారంలో స్ఫటికం, దాని కింద బంగారు రేకు మీద రంగుల బొమ్మ, చుట్టూ బంగారు చట్రం.

అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి చూశాను. నీలం నేల మీద ఆకుపచ్చ బట్టల్లో ఒక మనిషి, పెద్ద పెద్ద కళ్లు, రెండు చేతుల్లో రెండు పూలకొమ్మలు. పలుచటి బంగారు పట్టీలను అంచు మీద నిలబెట్టి, వంచి, రేకుకు అతికించారు. వరిమడికి గట్లు వేసినట్టు ఆ పట్టీలు ఒక్కో రంగునూ విడిగా పట్టుకున్నాయి. గాజు పొడిని ఆ మడుల్లో నింపి కాలిస్తే కరిగి రంగు నిలుస్తుంది. మన మీనా పనిలో బంగారాన్నే చెక్కి గుంటల్లో రంగు పోస్తారు, ఇక్కడ పద్ధతి వేరు. ముఖంలో ముక్కు గీతకు వాడిన పట్టీని చూస్తే, వెంట్రుకంత దాన్ని పటకారుతో వంచిన చెయ్యి గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. చట్రం మీది సన్నటి బంగారు గుండ్లు మా నాన్న అతికే గుండ్లలాగే ఉన్నాయి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే గుండ్లన్నీ కరిగి ముద్దవుతాయి, ఆయన ఊపిరి బిగబట్టి చేసేవాడు.

అంచు చుట్టూ అక్షరాలను బంగారంలో అటు నుంచి ఇటు దాకా కోశారు. "ఆల్ఫ్రెడ్ మెక్ హెహ్ట్ గెవిర్కన్." పాత ఇంగ్లీషు అది. "ఆల్ఫ్రెడ్ నన్ను చేయించాడు" అని అర్థం. నగే మాట్లాడుతోంది! చేసినవాడి పేరు మాత్రం లేదు. ఆల్ఫ్రెడ్ 871 నుంచి 899 దాకా ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న వెసెక్స్ రాజ్యానికి రాజు. 1693లో సోమర్సెట్‌లోని నార్త్ పెథర్టన్ దగ్గర ఇది దొరికింది, 1718లో ఆక్స్‌ఫర్డ్‌కు చేరింది.

చూడగానే మెళ్లో వేసుకునే పతకం అనుకుంటాం. కానీ సన్నటి కొస దగ్గర ఒక జంతువు తల, దాని నోట్లో గొట్టం లాంటి రంధ్రం, అడ్డంగా ఒక మేకు ఉన్నాయి. అక్కడి నుంచి వేలాడదీస్తే బొమ్మ తలకిందులవుతుంది. ఆ రంధ్రంలో ఒక పుల్ల ఉండేదని, చర్చిలో గ్రంథం చదివేటప్పుడు పంక్తి వెంట జరిపే చదువుపుల్లకు ఇది పిడి అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మా అవ్వ భాగవతం చదువుతూ అక్షరాల కింద చీపురుపుల్ల జరిపేది. ఇది ఆ పుల్లకు రాజు చేయించిన పిడి అన్నమాట. బొమ్మలోని మనిషి క్రీస్తు అని కొందరు, చూపుకు ప్రతిరూపమని కొందరు అంటారు. చదివేవాడి చేతిలో వస్తువు కదా, చూపు అన్న మాటే నాకు సరిగ్గా అనిపించింది.

పోప్ గ్రెగరీ రాసిన గ్రంథాన్ని ఆల్ఫ్రెడ్ లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చి, ఒక్కో బిషప్‌కు ఒక్కో ప్రతి పంపాడు. ప్రతి దానితో 50 మాంకస్‌ల (అప్పటి బంగారు లెక్క) విలువైన 'ఎస్టెల్' అనే వస్తువు పంపుతున్నానని, దాన్ని పుస్తకం నుంచి ఎవరూ వేరు చేయొద్దని ముందుమాటలో రాశాడు. ఆ వస్తువు ఇలాంటిదేనని అంటారు. వూస్టర్ బిషప్‌కు వెళ్లిన ప్రతి ఇదే ఊళ్లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది! మేము డబ్బు కట్టి లైబ్రరీ టూర్‌కు వెళ్లాం. పాత చదువుల గది అద్భుతం, కానీ ఆ టూర్‌లో ఆ పుస్తకం చూపించరు. దాని కోసమే అయితే ఇంటర్నెట్‌లో పుటలు చూసుకోవచ్చు.

అదే గ్యాలరీలో మిన్‌స్టర్ లవెల్ నగ కూడా వెతకండి. ఇంకా చిన్నది, పక్షి, మృగం ఏమీ లేవు, రంగుల్లో ఒక శిలువ ఆకారమే. అందరూ దాటిపోతారు.

రెండో రోజు పొద్దున తలుపులు తీయగానే మళ్లీ వెళ్లాం. గ్యాలరీలో మేమిద్దరమే. మా ఆవిడ అద్దం దగ్గర వంగి చాలాసేపు చూసి, "ఏమండీ, మామయ్య ఉంటే ఎలా అతికారో చెప్పేవారు" అంది.